పురుగుమందుకు బ్లీచింగ్ విరుగుడా?



నాయుడుపేట ప్రక్కనున్న ఒక పల్లెలో నాలుగేళ్ళ క్రిందట జరిగిన సంగతితో మొదలుపెడతాను. నిమ్మచెట్ల మొదళ్ళకు చెదలు పట్టినవని ఒక పెద్దాయన క్లోరిపైరిఫాస్ తెచ్చి, బావిగట్టున డ్రమ్ములో కలుపుకొంటున్నారు. చెయ్యి జారింది. మూతలో కొలుచుకొన్న మందు మూతతో సహా బావిలో పడింది. తోటకు పారేదీ ఆ నీళ్ళే, ఇంట్లో త్రాగేదీ ఆ నీళ్ళే. మరునాడు ఆయన బ్లీచింగ్ పొడి తెచ్చి గుప్పెళ్ళతో చల్లినారు. నేను కనబడితే, "బ్లీచింగు వేసినాను సార్, ఇంక మందు చచ్చిపోయుంటుంది గదా?" అని అడిగినారు.

"పోయుంటుందిలే పెదనాయనా" అన్నాను.

ఆ మాట నేను తెలిసి చెప్పినది కాదు. ఏ పురుగుకు ఏ మందు, ఎకరాకు ఎంత, కోతకు ఎన్ని దినాల ముందు ఆపవలె అన్నవి డిప్లొమా నాడే కంఠస్థం చేసినాను. నీళ్ళలో పడిన మందుమీద బ్లీచింగ్ వేస్తే ఏమవుతుందన్నది మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఇంటికి పోయిన తరువాత మనసు ఊరుకోక పుస్తకాలు తిరగవేస్తే, నేను చెప్పినది తప్పని తెలిసింది. ఆ తప్పు దిద్దుకోవడానికి చదివిన సంగతులే ఈ ప్రసంగము.

ముందుగా బ్లీచింగ్ పొడి కథ. 1799లో గ్లాస్గో నగరములో చార్లెస్ టెన్నెంట్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకొన్నది బట్టలు తెల్లగా చలువ చేయడానికి. త్రాగే నీటికీ దానికీ అప్పుడు సంబంధం లేదు. కలరా, టైఫాయిడు నీటి ద్వారా వస్తాయని లోకానికి నమ్మకం కుదిరేసరికే ఇంకొక నూరేళ్ళు గడచినవి. 1905లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో టైఫాయిడు చెలరేగినప్పుడు అలెగ్జాండర్ హ్యూస్టన్ అనే వైద్యుడు పట్టణపు నీటిని క్లోరిన్ మందుతో శుద్ధి చేయించినాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నగరానికి డాక్టరు జాన్ లీల్ నిత్యమూ క్లోరిన్ కలిపే ఏర్పాటు చేసినాడు. త్రాగే నీటిలో విషం కలుపుతున్నాడని ఆయన మీద కోర్టులో వాదించినవారూ ఉన్నారు. ఆయన పక్షమే నెగ్గింది. అటు తరువాత అది దేశదేశాలకూ వ్యాపించింది. మన వైపు తిరునాళ్ళకు ముందు బావులలో బ్లీచింగ్ పొడి వేయించడం ఆరోగ్యశాఖ వారి ఆనవాయితీ అయింది. ఇంతటి మేలు చేసిన వస్తువులు లోకంలో చాలా కొద్ది. క్లోరిన్ వద్దని నేను చెప్పబోవడం లేదు. అది ముందే మనవి చేసుకొంటున్నాను. అది పుట్టింది చలువకు, నిలిచింది సూక్ష్మక్రిములను చంపడానికి. పురుగుమందును విరుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆ హామీ మనంతట మనమే ఇచ్చుకొన్నాము.

ఇక రెండవ కథ. డి.డి.టి. పురుగును చంపుతుందని పాల్ ముల్లర్ కనిపెట్టింది 1939లో. దానికి 1948లో నోబెల్ బహుమానం వచ్చింది. 1952లో కలకత్తా దగ్గర రిష్రాలో బి.హెచ్.సి. తయారీ మొదలైంది. 1953లో మలేరియా నివారణ పథకం రావడంతో డి.డి.టి. ఇంటింటి గోడకూ చేరింది. పొలాలలో ఎండ్రిన్ వచ్చింది. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ 1944లో తయారు చేసిన పారాథయాన్, ఫాలిడాల్ పేరుతో మన దేశానికీ వచ్చింది. 1958లో కేరళలో ఈ పారాథయాన్ సోకిన గోధుమ పిండి తిని నూరుమందికి పైగా చనిపోయినారు. ఆ దుర్ఘటన తరువాతనే మన దేశానికి 1968లో కీటకనాశినుల చట్టం వచ్చింది.

చట్టం సీసామీద ఏమి వ్రాయవలెనో, అంగడిలో ఎవరు అమ్మవలెనో చెప్పింది. మందు కయ్యలోనుంచి కాలువకు, కాలువనుంచి చెరువుకు, చెరువునుంచి ఊరి నీళ్ళట్యాంకుకు చేరి, అక్కడ క్లోరిన్‌ను కలుసుకొంటే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేసిన తొలివారిలో అమెరికాలోని సిన్సినాటి నగరపు పరిశోధకులు ఉన్నారు. వారు 1965లో ప్రకటించిన ఫలితాలలో తేలిందేమంటే, పటికతో తేర్చి, ఇసుకలో వడకడితే డి.డి.టి. చాలామటుకు మడ్డితోపాటు పోతుంది; లిండేన్ మాత్రం ఇంచుమించు వచ్చినంతా నిలుస్తుంది. క్లోరిన్ ఈ రెండింటినీ ఏమీ చేయలేదు. బాగా పట్టి ఉంచినది ఉత్తేజిత బొగ్గు ఒక్కటే.

ఒక సంగతి మనసున పెట్టుకోండి. పురుగుమందులన్నీ ఒక కులం కావు. క్లోరిన్ ముందు ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా నడుచుకొంటుంది. డి.డి.టి., బి.హెచ్.సి. జాతి దానికి చలించదు. మొక్కజొన్నలో కలుపుకు వాడే అట్రజిన్ కూడా అంతే. భోపాలులో తయారైన సెవిన్, అనగా కార్బరిల్, దాదాపు అట్లాగే నిలుస్తుంది. గ్లైఫోసేట్ త్వరగా విరుగుతుంది. ఇవి తేలిక సంగతులు. చిక్కంతా మనం ఎక్కువగా వాడిన భాస్వరపు జాతి మందులతో ఉన్నది. మలాథయాన్, పారాథయాన్, డయాజినాన్, క్లోరిపైరిఫాస్ ఈ జాతివి.

ఈ మందులలో భాస్వరపు పరమాణువును అంటిపెట్టుకొని ఒక గంధకపు పరమాణువు ఉంటుంది. ఆ గంధకాన్ని కత్తికి ఒర అనుకోండి. ఒరలో ఉన్నంతసేపు కత్తి అంతగా తెగదు. మందు మన కడుపులోకి పోతే కాలేయము ఆ గంధకాన్ని ఊడబెరికి దాని చోట ఆమ్లజనిని పెడుతుంది. అప్పుడు ఒర ఊడి కత్తి బయటికి వస్తుంది. అట్లా మారిన పదార్థానికి ఆక్సాన్ అని పేరు. మలాథయాన్ మలాక్సాన్ అవుతుంది, పారాథయాన్ పారాక్సాన్ అవుతుంది. నరాలను పట్టేది అసలు ఈ ఆక్సానే.

నరాలను పట్టడమంటే ఏమిటి? మన చెరువుల క్రింద నీరుగంటి ఉంటాడు గదా. తూము తెరచి, పారవలసినంత పారగానే మూస్తాడు. నరంనుంచి కండకు కబురు పోయేటప్పుడు కూడా ఒక రసం పారుతుంది. పని కాగానే దానిని ఆపే నీరుగంటి వంటి ఎంజైము ఒకటి ఉన్నది. ఆక్సాన్ వచ్చి ఆ నీరుగంటి చేతులు కట్టివేస్తుంది. ఇక తూము మూసేవాడు లేడు. నోట చొంగ, కంట నీరు, చెమటలు, కండలు అదరడం, మూర్ఛ, ఊపిరి అందకపోవడం, ఇవన్నీ ఆ తెరచిన తూము పనులే. మందు చల్లి వచ్చినవారికి ఈ గుర్తులలో ఏది కనబడినా వెంటనే ఆస్పత్రికి చేర్చవలెనని మేము చెప్పేది అందుకే.

ఇప్పుడు బ్లీచింగ్ దగ్గరికి రండి. బ్లీచింగ్ పొడి నీళ్ళలో కలిస్తే హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది. క్రిమిని చంపేది అదే. మన కాలేయం చేసే గంధకం ఊడబెరికే పని ఇది కూడా చేస్తుంది! 2006లో అమెరికాలో స్టీఫెన్ డ్యూర్క్, టిమొతీ కొలెట్ అనే ఇద్దరు క్లోరిపైరిఫాస్‌ను క్లోరిన్ నీటిలో వేసి, అది ఎంత వేగంగా ఎట్లా మారుతుందో లెక్క కట్టి ప్రకటించినారు. మామూలుగా కుళాయినీళ్ళలో ఉండే పాటి క్లోరిన్‌కే క్లోరిపైరిఫాస్ నిమిషాలలో మారడం మొదలుపెడుతుంది. ఆ మారినది ఆక్సాన్. ఆ ఆక్సాన్ విరిగి, ట్రైక్లోరోపిరిడినాల్ అనే తక్కువ హాని కలది కావడానికి మాత్రం చాలా వ్యవధి పడుతుంది. అది గంటల లెక్కలోనూ పోవచ్చును, దినాల లెక్కలోనూ పోవచ్చును. నీటిలో క్షారం ఎక్కువైతే ఆ విరగడం కొంత త్వరపడుతుంది.

అంటే మందు మాయమైన మాట నిజమే. సీసామీద పేరున్న మందు కోసం పరీక్ష చేస్తే, లేదు అనే వస్తుంది. దాని స్థానంలో దానికంటె ఎన్నో రెట్లు ఘాటైనది కొంతకాలం కూర్చొని ఉంటుంది. మన దేశపు త్రాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500, 2012లో సవరించినది, క్లోరిపైరిఫాస్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మలాథయాన్‌కు 190, మిథైల్ పారాథయాన్‌కు 0.3, మోనోక్రోటోఫాస్‌కు 1 అని హద్దులు పెట్టింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. ఆ పట్టికలో మందుల పేర్లున్నవి గాని, వాటి ఆక్సాన్ల పేర్లు లేవు. నన్నడిగితే ఇది సవరించవలసిన లోపమే.

పెద్దాయన బావి లెక్క వేద్దాం. బావి వెడల్పు మూడు మీటర్లు, నీరు మూడు మీటర్ల లోతు అనుకొంటే, ఇంచుమించు 21,000 లీటర్లు. మూతలో 10 మిల్లీలీటర్ల మందు. 20 శాతం మందు గనుక అసలు విషం 2 గ్రాములు. అదంతా నీటిలో సమంగా కలిస్తే లీటరుకు 95 మైక్రోగ్రాములు. హద్దు 30. ఒక్క మూతడు మందు హద్దుకు మూడు రెట్లు దాటించింది. ఇంకొక లెక్క కూడా చూడండి. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పొడి రెండున్నర గ్రాములు చొప్పున ఆ బావికి చాలినది 50 గ్రాముల పైచిలుకు. ఆయన గుప్పెళ్ళతో చల్లినది దానికి ఎన్ని రెట్లో!

ఏలూరు సంగతి ఇక్కడ చెప్పవలె. 2020 డిసెంబరు 5వ తేదీ ప్రాంతాన ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినారు. కొద్ది దినాలలో ఆరువందల మందికి పైగా ఆస్పత్రికి చేరినారు, ఒకరు మరణించినారు. మొదటి దినాలలో, కరోనా వేళ వీధులలో విపరీతంగా చల్లిన బ్లీచింగ్, క్లోరిన్ నీటిలో కలిసిందేమోనన్న అనుమానం వచ్చింది. అదే సమయంలో ఆర్గానోక్లోరిన్ అనే మాట వార్తలలో వినబడింది. రెండు మాటల్లోనూ క్లోరిన్ ఉండేసరికి జనం రెండూ ఒకటే అనుకొన్నారు. కావు. ఆర్గానోక్లోరిన్ అంటే డి.డి.టి., ఎండోసల్ఫాన్ వంటి పురుగుమందుల జాతి. బ్లీచింగ్ ఎంత చల్లినా డి.డి.టి. పుట్టదు. ఢిల్లీ ఎయిమ్స్ వారికి రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడినవి. డిసెంబరు 16న ముఖ్యమంత్రి ముందు జరిగిన సమీక్షలో ఎయిమ్స్, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని అభిప్రాయపడినారు. అప్పుడు చర్చకు వచ్చిన పేర్లలో ట్రయజోఫాస్ ఒకటి. అదీ గంధకపు ఒరతో ఉన్న భాస్వరపు మందే. దానిని దేశమంతటా నిషేధిస్తూ 2018 ఆగస్టులోనే ఉత్తర్వు వెలువడింది. అమలు తేదీ 2020 డిసెంబరు 31. ఏలూరు జనం ఆస్పత్రి దారి పట్టిన నాటికి ఆ గడువు తీరడానికి ఇంకా నెల కూడా లేదు. ఏలూరు పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణంగా ఉండిన ఊరు. 1960లో సాంద్ర వ్యవసాయ పథకానికి దేశంలో తొలుత ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో ఆ జిల్లా ఒకటి. ఎరువు, విత్తనం, మందు కలిపి రైతు ఇంటికి చేర్చిన ఆ పని మా శాఖవారు గర్వంగా చెప్పుకొనే చరిత్ర. నేనూ చెప్పుకొంటాను. ఈ రెండవ పేజీ కూడా చదివి చెప్పుకొంటాను.

అయితే ఊళ్ళో నీళ్ళు చెడితే రైతు చేయగలిగింది ఏమున్నది, అది నీటిశాఖ పని గదా అంటారు. ఒక చోట రైతులే చేసి చూపినారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో సాక్రమెంటో నది ఉన్నది. దాని పొడుగునా వరిమళ్ళే, మన డెల్టావలె. 1980 ప్రాంతాలలో అక్కడి రైతులు ఊద కలుపుకు థయోబెన్‌కార్బ్ వాడసాగినారు. మన దేశంలో బెంథియోకార్బ్ అని పాతవారికి పరిచయమైన మందే. మందు వేసి, నాలుగు నాళ్ళకు మడి నీళ్ళు మురుగుకాలువకు వదిలేవారు. ఆ కాలువ నదిలో కలుస్తుంది. దిగువన సాక్రమెంటో నగరం ఆ నది నీళ్ళే త్రాగుతుంది. 1980, 81, 82 ప్రాంతాల వేసవులలో నగరంలో కుళాయి నీళ్ళు చేదెక్కినవని గోల పుట్టింది. నదిలో నీళ్ళు చేదు లేవు, కుళాయిలో చేదు! ఆరా తీస్తే, నీళ్ళశుద్ధిలో క్లోరిన్ కలిపినప్పుడు ఆ కలుపుమందు సల్ఫాక్సైడుగా మారి చేదిస్తున్నదని తేలింది. లీటరుకు ఒక మైక్రోగ్రాము మందు ఉన్నా నాలుకకు తెలుస్తున్నది. అదే కాలంలో మోలినేట్ అనే మరొక వరి కలుపుమందు వల్ల మురుగుకాలువలలో చేపలు తేలినవి.

నగరంవారు కోట్లు పెట్టి బొగ్గు వడపోతలు కట్టుకోవచ్చును. రైతులు మందు మానుకోవచ్చును. ఆ రెండింటికంటె చవకైన ఉపాయం దొరికింది. మందు వేసిన మడిలో నీళ్ళు బయటికి వదలకుండా కట్టిపెట్టడం. ఎండకు, మట్టికి, మట్టిలోని సూక్ష్మజీవులకు మందు అక్కడికక్కడే చాలావరకు విరిగిపోతుంది. 1983, 84 నుంచి దీనిని నిబంధన చేసినారు. మొదట కొద్ది దినాలే. తరువాత క్రమంగా పెంచి కొన్ని మందులకు దాదాపు నాలుగు వారాలదాకా తెచ్చినారు. మొదట రైతులు సణిగినారు. నిలవ నీటిలో పైరుకు చేటని కొందరికి భయం. గట్లు బలపరచుకొన్నారు, ఒక మడి నీళ్ళు ఇంకొక మడికి త్రిప్పుకొనే ఏర్పాట్లు చేసుకొన్నారు. పదేళ్ళు తిరిగేసరికి నదికి చేరే మందు నూటికి తొంభై పాళ్ళకు పైగా తగ్గింది. క్లోరిన్ చేయలేని పనిని గెనిమ చేసింది.

మన స్వర్ణముఖి సాక్రమెంటో కాదు. ఏడాదిలో చాలా నెలలు అది ఇసుకే. కాని ఇసుకలో చెలమ తీసినా, ఊటబావి తవ్వినా వచ్చేది పై నుంచి ఇంకిన నీరే. పడమటగా తెలుగుగంగ కాలువ ఉన్నది. 1996 నుంచి కండలేరు నీళ్ళు పూండికి, అక్కడనుంచి చెన్నపట్నం కుళాయిలకు పోతున్నవి. ఎడగారులో సుడిదోమకు మందు కొట్టిన మరునాడే గండి తీసి నీళ్ళు క్రింది కయ్యకు, అక్కడనుంచి కాలువకు వదిలే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. సుడిదోమకు నీళ్ళు తీసి ఆరగట్టమని మేమే చెబుతాము, నిజమే. ఆ తీయడం మందు కొట్టడానికి ముందు చేయండి. కొట్టిన తరువాత గండి మూసి ఉంచండి. సీసామీద ఎన్ని దినాలని ఉంటే అన్ని దినాలు. ఏమీ లేకపోతే కనీసం వారం దినాలైనా ఆగండి. వానమబ్బు పట్టిన దినాన కొట్టకండి.

సుడిదోమకు ఇప్పుడు వాడే ఇమిడాక్లోప్రిడ్ క్లోరిన్‌కు లొంగుతుందా అని ఎవరైనా అడుగుతారని చెబుతున్నాను. 2017లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు కుళాయి నీళ్ళలో ఈ జాతి మందులను కనిపెట్టినారు. మామూలు శుద్ధి వాటిని పెద్దగా తగ్గించలేదు. గుళికల బొగ్గు గుండా పోయిన నీళ్ళలో చాలా తగ్గినవి. 2019లో, వాటి విరుపు పదార్థాలతో క్లోరిన్ కలిసి కొత్త పదార్థాలు పుడుతున్నవనీ చెప్పినారు. 1965లో సిన్సినాటివారు చెప్పిన బొగ్గే మళ్ళీ. మన పొయ్యిలోని బొగ్గు దానికి సాటి రాదు. ఉత్తేజిత బొగ్గు వేరే విధంగా తయారవుతుంది. ఆ వడపోత కూడా క్లోరిన్ కలపడానికి ముందు ఉండవలె.

బావిలో మందు పడితే ఏమి చేయవలె? బ్లీచింగ్ వేయకండి. కాచి త్రాగుదామని చూడకండి, కాచడం క్రిములకే. వెంటనే ఆ నీటిని మనుషులకు, గొడ్లకు ఆపివేయండి. మోటారు పెట్టి నీళ్ళు తోడించి, కాలువలోకి కాక, చేపల గుంటలోకి కాక, బీడు నేలమీద పలుచగా పారించండి. క్లోరిపైరిఫాస్ వంటివి బురదను పట్టుకొంటాయి గనుక పూడిక కూడా తీయించండి. పూడికకు దిగేముందు బావిలో గాలి ఉన్నదో లేదో చూసుకోవడం మీకు తెలిసిందే. నీళ్ళు పరీక్షకు పంపేటప్పుడు "పురుగుమందు పడింది" అని మందు పేరుతో సహా చెప్పండి. ఉప్పు, ఫ్లోరైడు, క్లోరిన్ చూసే మామూలు పరీక్షలో ఇది బయటపడదు. బావి శుభ్రమైన తరువాత, క్రిములకోసం బ్లీచింగ్ తప్పక వేసుకోవచ్చును. పంచాయతీ ట్యాంకులో వేసే క్లోరిన్‌ను చూసి మాత్రం భయపడకండి. అది లేకపోతే వచ్చే కలరా, టైఫాయిడు దీనికంటె దగ్గరి శత్రువులు.

పుస్తకాలు చూసిన మూడవ నాడు ఆ పెద్దాయన దగ్గరికి పోయి, "పెదనాయనా, మొన్న నేను చెప్పింది తప్పు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మరి మూడు దినాలు త్రాగినామే" అన్నారు. ఇంటిల్లిపాదినీ ఆస్పత్రికి తీసుకుపోయి చూపించినాము; ఎవరికీ ఏమీ కాలేదు. రెండు సార్లు బావి తోడించి, పూడిక తీయించినాము. ఆ ఏడు వేసవి అంతా ఆ ఇంటివారు త్రాగే నీళ్ళు ఊళ్ళోనుంచి తెచ్చుకొన్నారు.

పోయిన సంక్రాంతికి అటు వెళితే, మందు కలిపే డ్రమ్ము బావిగట్టున కనబడలేదు. తోట నడుమ, గట్టుకు దూరంగా ఒక చింతచెట్టు క్రింద పెట్టుకొన్నారు. అక్కడిదాకా నీళ్ళు బిందెలతో మోయవలసి వస్తున్నదని ఆయన కొడుకు నామీద విసుక్కొన్నాడు. మోటారు పైపు అక్కడికి వేయించుకొంటే ఎంత అవుతుందో లెక్క వేసి ఇచ్చి వచ్చినాను.